గుంజలరేవులో తూనిక

అది నడివేసవి. అయినా ఆకాశంలో సూర్యుడి జాడ లేదు. తెల్లవారిన దగ్గర్నుంచి సముద్రం మీద లేచిన ఆవిరి పొర మీద పొరగా పేరుకుని, మాసిన కంబళిలా లోకాన్ని కప్పేసింది. ఆ కంబళి కింద గాలి ఉడుకుతోంది. ఇటు నల్లరాతి కొండ, అటు నల్లరాతి కొండ. రెంటి నడుమ సన్నని నీటిదారి. కొండల మీద చెట్టు లేదు, చెట్టు లేదు గనుక పిట్ట లేదు. రాతి పగుళ్లలో ఇరుక్కుపోయిన పాత పడవల చెక్కలు మాత్రం ఉప్పుకు తెల్లబడి, ఎముకల్లా పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి.

ఆ నీటిదారి పేరు మింగుడు కాలువ. పోటు వేళ సముద్రం అందులోంచి లోపలి ఉప్పుసరస్సులోకి ఎగబడుతుంది. పాటు వేళ సరస్సు అదే ఉరవడితో సముద్రంలోకి తిరిగి దూకుతుంది. పాటు ముగిసి పోటు మొదలయ్యే ముందు, ఎసట్లో బియ్యం ఉడికేపాటి సేపు, కాలువ ఊపిరి బిగబట్టినట్టు కదలకుండా నిలుస్తుంది. పడవలు దాటవలసింది ఆ కాసేపట్లోనే.

కాలువ నోటి దగ్గర, ఒక బండరాయి చాటున, చిన్న పడవ ఒకటి ఆ క్షణం కోసం కాచుకుని ఉంది.

"సెట్టిబాబూ," అన్నాడు చుక్కాని పట్టుకున్న మాసేను, "తెడ్డును కత్తి పట్టినట్టు పట్టుకుంటే కాలవ నవ్వుద్ది. గాజులమ్మేవోళ్ల సేతులు మెత్తగుంటాయి గదా, తమరివేటి ఇలా కాయలు కాసున్నాయి?"

మాసేను ఈ నీళ్లలో పుట్టి పెరిగిన సరంగు. చెవికి వెండి పోగు, నోటికి తీరిక లేదు. ఎదురుగా గాజుల మలారం పక్కన కూర్చున్నవాడు నిజంగా సెట్టి కాడనీ, కేసరగిరి యువరాజు సుధన్వుడనీ అతనికి తెలియదు.

సుధన్వుడు చేతులు ఒళ్లో దాచుకున్నాడు. పక్కనున్న లవంగిక అందుకుంది.

"మా ఆయన అమ్మే గాజులకంటే విరగ్గొట్టే గాజులే ఎక్కువ, మాసేనన్నా. ఆ కాయలు వాటివే."

మాసేను పకపకా నవ్వాడు. లవంగిక కూడా నవ్వింది. ఆ నవ్వుకు ఆమె కూర్చున్న చోటు నుంచి బెత్తెడు పైకి లేచింది. సుధన్వుడు చప్పున ఆమె నడుము పట్టుకుని కిందికి లాగాడు. ఆమె నడుముకు కట్టిన సంచుల్లో గులకరాళ్లు గలగలమన్నాయి. చీర చెంగును పడవ బల్లకు ముడివేసి ఉంది. అయినా ఆమె నిలవడం లేదు.

ఆమె పాదాల పారాణి ఇంకా చెరగలేదు. తోటమాలి కూతురైన లవంగికను సుధన్వుడు పట్టుబట్టి పెళ్లాడిన రోజున, కేసరగిరి ఆచారం ప్రకారం, కొత్త కోడలిని బెల్లంతో తూచారు. ఊరంతటికీ పంచవలసిన ఆ బెల్లాన్ని "నేను పంచిపెడతాను" అంటూ ఎర్రశాలువ కప్పుకున్న సాధువొకడు మూట కట్టుకుని మాయమయ్యాడు. వాడు సాధువు కాదు, తులాభైరవుడనే మాంత్రికుడు. ఆ బెల్లంతోపాటు లవంగిక బరువు కూడా వాడి వెంట పోయింది. వాడు ఒక్కొక్క దిమ్మనూ మింగుడు కాలువలో కరిగిస్తున్నాడు. దిమ్మ కరిగినప్పుడల్లా ఆమె తేలికవుతోంది. త్రాసులో ఒక తట్ట దిగితే రెండోది లేచినట్టు, మనిషి బరువు నీటిలో కలిసినప్పుడల్లా కాలువ అడుగున మునిగిపోయిన వాడి గురువు కోట, ధూమ్రదుర్గం, కొంత కొంత పైకి లేస్తోంది. పట్టుబడిన వాడి శిష్యుడొకడు ఈ సంగతంతా కక్కాడు. చివరి దిమ్మ కూడా కరిగిపోతే లవంగిక పొగలా గాలిలో కలిసిపోతుంది.

తులాభైరవుడు ఇప్పుడు సరస్సు ఒడ్డున గుంజలరేవులో ఉన్నాడు. వాడి దగ్గర ఎంత బెల్లం మిగిలిందో తెలియదు. నిన్న ఆమెను నేలమీద నిలపడానికి నాలుగు సంచుల రాళ్లు చాలాయి. ఇవాళ ఆరు సంచులు కట్టినా చాలడం లేదు.

"ఏమండీ, ఈ ముంజ చూడండి, ఎంత లేతగా ఉందో! బొటనవేలు పెడితే చాలు, నీళ్లు చిమ్ముతోంది," అంది లవంగిక. ఒడిలో పెట్టుకున్న తాటికాయలోంచి ముంజను తీసి సగం భర్త నోట్లో పెట్టింది. చల్లని నీరు గడ్డం మీదుగా కారింది. ఆమె కళ్లు మెరిశాయి. సుధన్వుడు మాత్రం ఆమె నడుము సంచుల ముడులు మరోసారి బిగించాడు.

"ఆ రోజు బెల్లం కూడా ఇలాగే నోరూరించింది," అందామె మెల్లగా. "ఒక్క ముక్క రుచి చూద్దామని చెయ్యి చాచానో లేదో, మీ అమ్మగారు ఠప్పున ఒక్కటిచ్చారు."

"తూగిన పెళ్లికూతురు ఆ బెల్లాన్ని నాలుకకు కూడా తగిలించకూడదు, లవంగీ. తింటే ఇచ్చినదాన్ని తిరిగి పుచ్చుకున్నట్టే."

"నాకు పెళ్లిలో మిగిలిన కొరత అదొక్కటే," అని ఆమె నిట్టూర్చింది.

కాలువ గుర్రు ఆగిపోయింది. ఉన్నట్టుండి లోకమంతా చెవులు మూసుకున్నట్టయింది. నీరు అద్దంలా నిలిచింది.

"పదండి!" అని మాసేను చుక్కాని తిప్పాడు. పడవ రెండు కొండల నడుమకు జారింది. "ఒక్క మాట. రేవు సేరాక తాడు నేనే కడతాను. మీరిద్దరూ ముట్టుకోవద్దు. సచ్చినా ముట్టుకోవద్దు."

"ఎందుకని?" అడిగాడు సుధన్వుడు.

"దాటినాక సెప్తాను. కాలవ మింగినోళ్ల మాట కాలవలో ఎత్తకూడదు."

అతనికి ఆ తర్వాత చెప్పే వీలు లేకపోయింది.

సగం దూరం వెళ్లారో లేదో, వెనక నుంచి కొండలు విరిగిపడుతున్నట్టు పెద్ద చప్పుడు వినిపించింది. మాసేను తల తిప్పి చూశాడు. అతని ముఖం పాలిపోయింది. "ఇంత బేగి పోటు రాదే! కాలవ లెక్క ఎవుడో సెడగొట్టాడు!" అని అరిచాడు. తాటిచెట్టంత ఎత్తున నురగగోడ ఒకటి సముద్రం వైపు నుంచి దూసుకొస్తోంది. అది పడవను ఎత్తుకుంది. బాణంలా విసిరింది. రాళ్లు గిర్రున పక్కకు తప్పుకున్నాయి, మళ్లీ ఎదురొచ్చాయి. ఒక తెడ్డు రాతికి తగిలి పుల్లలా విరిగింది. ఆ విరిగిన ముక్క ఎగిరి మాసేను కణతకు తగిలింది. అతను అలాగే చుక్కాని మీద వాలిపోయాడు.

సుధన్వుడు దూకి చుక్కాని అందుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. ఎదుట, పెద్ద గుమ్మటాన్ని తలకిందులు చేసినట్టు, లోతైన సుడిగుండం నోరు తెరిచింది. పడవ దాని అంచున ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టుకు ముక్కు కిందికి వంగింది. గాజుల మలారం జారి నీళ్లలో పడింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గాజులు చీకటి గొంతులోకి గిరగిరా తిరుగుతూ దిగిపోయాయి. ఆ విపత్తులో కూడా లవంగిక "అయ్యో, ఎంత బాగున్నాయో!" అంది.

మరుక్షణంలో ఆమె చెంగు ముడి విప్పేసింది. నడుము సంచులు తెంచి పడవలో పారేసింది. పడవ తాడు కొస పళ్ల మధ్య పట్టుకుంది.

"లవంగీ, వద్దు!"

ఆమె అప్పటికే పడవ అంచు మీంచి దూకింది. నీటిలో పడలేదు. నురగ మీద అడుగు వేసింది. తేలుతున్న చెక్క మీద రెండో అడుగు. పారిపోతున్న అల నడుము మీద మూడో అడుగు. ఎండుటాకు దొర్లినట్టు నీటి మీద పరుగెత్తి ఒడ్డునున్న రాతికొమ్మును చేరుకుంది. తాడును దాని చుట్టూ మెలివేసి ముడి బిగించింది. తాడు వీణతీగలా మోగింది. పడవ సుడి పట్టు తప్పించుకుని, అర్ధవృత్తంలా తిరిగి, రాతి పక్కనున్న నిలకడ నీటిలోకి వచ్చి ఆగింది.

సుధన్వుడు ఆమెను కాలు పట్టుకుని కిందికి లాగవలసి వచ్చింది. అప్పటికే ఆమె రాతి కంటే నిలువెత్తు పైన తేలుతోంది.

"చూశారా? నీళ్ల మీద నడిచాను!" అంది ఆయాసపడుతూ. ఆమె ముఖం చిన్నపిల్ల ముఖంలా వెలిగిపోతోంది.

సుధన్వుడు రాతి వైపు చూశాడు. నీటి మీద నడిచి వచ్చిన ఆమె పాదాల తడి ఆ రాతి మీద అచ్చు పడలేదు. మూడు సంచుల రాళ్లు అదనంగా నింపి ఆమె నడుముకు కట్టాడు.

పోటు మొదటి ఉరవడి తగ్గాక వాళ్లు సరస్సులోకి ప్రవేశించారు. మాసేనుకు ఊపిరి ఆడుతోంది గానీ తెలివి రాలేదు.

గుంజలరేవు దూరం నుంచే కనిపించింది. అంత నిండుగా ఉండి కూడా అంత బోసిగా ఉన్న రేవును సుధన్వుడు ఎక్కడా చూడలేదు. సీసం రంగు నీటిలోంచి వందలాది కొయ్యగుంజలు బారులు తీరి లేచి ఉన్నాయి. కొన్నింటికి పడవలు కట్టి ఉన్నాయి. ప్రతి పడవ ముక్కు మీదా రెండు కళ్లు చిత్రించి ఉన్నాయి. ఆ కళ్లన్నీ కాలువ వైపే చూస్తున్నాయి. పడవల కంటే ఖాళీ గుంజలే ఎక్కువ. ఖాళీగా ఉన్న ఒక్కొక్క గుంజకూ నెత్తిన ఒక మట్టిప్రమిద, మెడలో వాడిపోయిన పూలదండ. మిట్టమధ్యాహ్నమైనా ఆ ప్రమిదలు వెలుగుతున్నాయి. ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్లు మాట్లాడుకోవడం లేదు. ఉప్పుచేప వాసన, తడి కొయ్య వాసన, నూనె వాసన. ఎక్కడా పిల్లల కేక లేదు.

రేవు చివర, నల్లని హంసలా మెడ వంచిన పడవ ఒకటి ఆగి ఉంది. అందులో ఎర్రశాలువ.

"వాడే," అని గొణిగాడు సుధన్వుడు. "తల వంచుకో. మనం గాజులమ్మడానికి వచ్చామంతే."

"గాజులెక్కడివి? కాలువ కొనేసుకుందిగా," అంది లవంగిక.

పడవ గట్టుకు చేరింది. కేసరగిరిలో కొత్త కోడలు ఏ ఒడ్డుకు చేరినా అందరికంటే ముందు ఆమే కుడికాలు మోపాలి. భర్త ముందు దిగితే ఆ ఒడ్డు ఆమెను పరాయిదానిగా చూస్తుందంటారు. చిన్ననాటి నుంచీ విన్న మాట కావడంతో లవంగిక ఆలోచించలేదు, తాడు ముట్టుకోవద్దన్న మాసేను మాట కూడా మరిచిపోయింది. తాడు పట్టుకుని చెంగున దూకింది, కుడికాలు మోపింది, దగ్గర్లో ఉన్న ఖాళీ గుంజకు తాడు చుట్టి చక్కగా ముడివేసింది. గుంజ నెత్తిన ప్రమిద ఉంటే, గాలికి ఆరిపోకుండా చెయ్యి కూడా అడ్డం పెట్టింది.

వలల దగ్గర చేతులు ఆగిపోయాయి. ఎవరో శంఖం ఊదారు.

రేవంతా కదిలింది. గుడిసెల్లోంచి మనుషులు వచ్చారు. పరుగెత్తలేదు, అరవలేదు. మోకాలి లోతు నీటిలో నిలబడి చూస్తూ ఉండిపోయారు. వాళ్ల మధ్యలోంచి ఒక ముసలమ్మ నడిచి వచ్చింది. ఆమె చేతిలో నూనెగిన్నె ఉంది. గుంజ మీది ప్రమిదలో నూనె పోయడానికి రోజూ వచ్చే వేళ అది. ఆమె లవంగికను పైనుంచి కిందికి చూసింది, తాడు ముడిని చూసింది, చాలాసేపు చూసింది. గిన్నె చేతిలోంచి జారిపోయింది.

"వచ్చినావా, ముత్యాలూ," అంది.

"అమ్మా, నేను..."

"ఏటి ఇంత ఆలీసం చేసినావు? కూడు సల్లారిపోనాది."

లవంగిక భర్త వైపు తిరిగింది. తలపాగా చుట్టిన రేవుపెద్ద ముందుకొచ్చాడు. సుధన్వుడు అతన్ని నిలదీశాడు. అప్పటికి గానీ వాళ్లకు సంగతి అర్థం కాలేదు. కాలువలో పోయినవాళ్ల గుంజలను ఆ రేవులో ఎవరికీ ఇవ్వరు. ఇంట్లోవాళ్లు ఉన్నంతకాలం దీపం పెడతారు. ఆ గుంజకు ఎవరు వచ్చి తాడు కడితే వాళ్లే తిరిగొచ్చిన మనిషి. ముఖం మారవచ్చు, గొంతు మారవచ్చు, కాలువ అన్నిటినీ నానబెట్టి మార్చేస్తుందని వాళ్ల నమ్మకం. ఆ గుంజ ఈ ముసలమ్మ, నూకాలు, కూతురైన ముత్యాలుది.

"అయితే సెట్టీ, కాలవలోంచి మనుషులే కాదు, దెయ్యాలు కూడా వస్తాయి," అన్నాడు రేవుపెద్ద. "దెయ్యానికి బరువుండదు. పాటు మొదలయ్యే వేళకి తూస్తాం. తూగిందా, తల్లి ఇంటికి పంపిస్తాం. తూగలేదా, కాళ్లు సేతులు కట్టి పాటుతోపాటు కాలవకే ఇచ్చేస్తాం."

సుధన్వుడి చెయ్యి బట్టల మూటలో దాచిన కత్తి మీదికి పోయింది. పది ఈటెలు అతని మెడ చుట్టూ నిలిచాయి.

సాయంకాలానికి సరస్సు పొంగి నిండింది. గట్టు మీద పెద్ద త్రాసు నిలబెట్టారు. తాటిదూలం కాడ, రెండు వైపులా వెదురు తట్టలు. లవంగిక నడుముకున్న రాళ్ల సంచులను ఆడవాళ్లు విప్పేశారు. ఎగిరిపోకుండా తట్టకు ఆమె చీర కొంగును ముడివేసింది నూకాలే. ముడివేస్తూ ఆమె బుగ్గ నిమిరింది.

"భయపడకే. ఎదురు తట్టలో నీకిష్టమైందే పెడతాను. అదే ఆచారం. ఎండుచేప ఒక్కటి పెడతాను, అంతకంటే తూగవా ఏటి?"

ఒక్క ఎండుచేప. తట్టలో పడీ పడగానే అది దబ్బున నేలకు దిగింది. రెండో తట్ట లవంగికతో సహా ఆకాశానికి లేచింది. కొంగు ముడి లేకపోతే ఆమె ఇంకా పైకి పోయేదే.

జనంలో ఒక్కసారిగా మూలుగు లేచింది. "దెయ్యం" అన్నారెవరో. రేవుపెద్ద తాళ్లు తెమ్మన్నాడు. రేవు చివరి నుంచి ఎర్రశాలువ మెల్లగా నడిచి వచ్చింది. ఎముకల గూడుకు చర్మం తొడిగినట్టున్న మనిషి. కళ్లు మాత్రం కొలిమిలా ఎర్రగా మండుతున్నాయి. తులాభైరవుడు సుధన్వుడిని చూసి చిరునవ్వు నవ్వాడు. ఆ నవ్వులో గుర్తింపు ఉంది.

"పాపం, కొత్త జంట," అన్నాడు మెత్తగా. "సముద్రుడికి తీపి నైవేద్యం పెట్టి కాలువను శాంతింపజేస్తున్నాను గదా, పెద్దా. ఇవాళ చివరి నైవేద్యం. ఈ దెయ్యాన్ని కూడా దానితోపాటే పంపించేద్దాం."

చివరి నైవేద్యం అన్న మాట సుధన్వుడి చెవిలో గంటలా మోగింది. వాడి దగ్గర ఇంకొక్క దిమ్మే మిగిలి ఉంది. పెళ్లినాడు ఆమెతో తూగిన బెల్లంలో మిగిలింది అదే, ఆమె బరువు మిగిలిందీ అందులోనే. కాబట్టి ఈ లోకంలో ఆమెకు సరితూగేది అదొక్కటే.

"అమ్మా నూకాలమ్మా!" అని గొంతు చించుకున్నాడు. "చేప కాదు, ఆమెకు ఇష్టమైంది బెల్లం! ఆ సాధువు పడవలో ఉంది. దాంతో తూచండి!"

"అది దేవుడి సొమ్ము!" తులాభైరవుడి నవ్వు ఆరిపోయింది.

నూకాలు వాడి వైపు తిరిగింది. "మా ముత్యాలు బెల్లమంటే పడి సచ్చేది సావీ. అటక మీద కుండలో దాచినా వదిలేది కాదు." ఆమె తిన్నగా నల్లహంస పడవ వైపు నడిచింది. తులాభైరవుడు కర్ర ఎత్తాడు. రేవు జనమంతా ఒక్కసారి అడుగు ముందుకు వేశారు. తూనిక నాడు తల్లి కోరిన వస్తువును ఆపినవాడు ఆ రేవులో బతికి బట్టకట్టడు. కర్ర దిగింది.

ఆమె తెచ్చింది కొబ్బరికాయంత బెల్లం దిమ్మ. ఒక అంచు అప్పటికే కరిగి నున్నబడి ఉంది. ఎండుచేపను తీసేసి దాన్ని ఎదురు తట్టలో పెట్టింది.

పైకి లేచిన తట్ట దిగడం మొదలుపెట్టింది. ఊగింది, ఇటు ఒరిగింది, అటు ఒరిగింది, చివరికి గీత గీసినట్టు సమంగా నిలిచింది. పెళ్లికూతురు ఒక వైపు, బెల్లం దిమ్మ ఒక వైపు. ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"తూగింది," అన్నాడు రేవుపెద్ద చివరికి, తన కళ్లను తానే నమ్మనట్టు.

లవంగిక ఆ మాట వినలేదు. ఎదురుగా, తన కళ్ల ఎత్తునే, బంగారు రంగులో బెల్లం మెరుస్తోంది. అత్తగారు కొట్టిన దెబ్బ గుర్తొచ్చింది. తింటే ఇచ్చినదాన్ని తిరిగి పుచ్చుకున్నట్టే. ఆమె కొంగు ముడి లాగేసి, తట్ట అంచును కాలితో తన్ని, కాడ కింది నుంచి ఎండుటాకులా ఎగిరి, రెండో తట్టలో వాలింది. రెండు చేతులా దిమ్మను పట్టుకుని పళ్లు దింపింది.

"ఆపండి దాన్ని!" తులాభైరవుడు కేక పెట్టి కర్రతో కొట్టాడు. దెబ్బ బెల్లానికి తగిలింది. దిమ్మ రెండు ముక్కలైంది. ఒక ముక్కను వాడు గద్దలా తన్నుకుపోయాడు. రెండోది అప్పటికే లవంగిక నోట్లోనూ దోసిట్లోనూ ఉంది. ఆమె నమలకుండానే మింగింది.

తట్ట ఫెళ్లున తెగి కింద పడింది. లవంగిక గట్టు రాళ్ల మీద చతికిలబడింది.

"అబ్బా! మోకాలు!" అంది. ఆ తర్వాత ముఖమంతా నవ్వు పరుచుకుంది. "ఏమండీ, మోకాలు దోక్కుపోయింది! నొప్పెడుతోంది!"

ఈటెలు తోసుకుని సుధన్వుడు ఆమె దగ్గరికి చేరాడు. ఆమెను ఎత్తుకున్నాడు. చంటిపిల్లంత బరువుంది. నిజమైన బరువే. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ ఏడవడానికి సమయం లేదు. సరస్సు కదిలింది. పాటు మొదలైంది. నల్లహంస పడవ కట్లు తెంచుకుని, నీటితోపాటు కాలువ వైపు దూసుకుపోతోంది. వాడి దగ్గరున్న ముక్క కూడా కరిగితే ధూమ్రదుర్గం పూర్తిగా తేలుతుంది. అప్పటిదాకా నీటిలో కలిసిన బరువంతా ఆ కోట గోడల్లో శిలగా మారిపోతుంది. లవంగిక ఇక ఎన్నటికీ చంటిపిల్లంతే.

"పాటులో కాలవలోకి ఎవడూ పోడు సెట్టీ!" ఎక్కడి నుంచో మాసేను గొంతు వినిపించింది. తలకు కట్టుతో, ఇద్దరు పట్టుకుంటే నిలబడ్డాడు. "నేను ముందే సెప్పుంటే బావుణ్ణు, తాడు కట్టొద్దని..."

"కట్టడమే మంచిదైందిలే," అని సుధన్వుడు లవంగికను పడవలో కూర్చోబెట్టాడు.

గుంజకున్న ముడి విప్పుతున్నది నూకాలు.

"నా ముత్యాలు ఎడంచేత్తో ముడేసేది," అంది తల ఎత్తకుండా. "తాడు సూడగానే తెలిసింది నాకు."

లవంగిక విస్తుపోయింది. "మరి ఎందుకమ్మా, కూడు చల్లారిపోయిందన్నావు?"

"ఆ మాట ఎవురితోనైనా అని ఎన్నేళ్లైందో తెలుసా?" ముసలమ్మ తాడు చుట్టి ఆమె ఒడిలో పెట్టింది. "దాని పడవకి ఒక్క కన్నే ఉంటాది. రెండోది గీసేలోపే తొందరపడి ఎల్లిపోనాది. కనిపిస్తే సెప్పు. కనిపించకపోయినా, నువ్వు ఈ గుంజకే రా."

పడవ కదిలింది. కాలువ నోరు వాళ్లను లాక్కుంది. నీరు ఇప్పుడు పరుగు కాదు, పాతాళంలోకి దిగే మెట్లు. సుధన్వుడు చుక్కానికి ఒళ్లు అప్పగించాడు. లవంగిక పడవ ముక్కు దగ్గర కూర్చుని, తన కొద్ది బరువునూ ఇటు వాల్చి, అటు వాల్చి, రాతికి అంగుళం దూరంలో పడవను తప్పిస్తోంది. కొండల నడుమ సంజ కాంతి కూడా దిగడం లేదు. నురగ ఒక్కటే తెల్లగా కనిపిస్తోంది.

కాలువ నడిబొడ్డున నీరు ఒక్కసారిగా చీలిపోయింది. ఆ చీలికలోంచి నాచు కారుతూ, ధూమ్రదుర్గపు నల్లని గోపురం లేచింది. దాని వెంట గోడలు, గోడల కింద మెట్లు. మెట్ల ముందు రాతిగుంజలు బారులు తీరి ఉన్నాయి. గుంజలకు పడవలు కట్టి ఉన్నాయి. చిప్పలు పట్టి, నాచు పట్టి, అయినా మునగకుండా, ముక్కుల మీది కళ్లు తెరుచుకుని. గుంజలరేవు వాళ్లు దీపాలు పెట్టుకుని ఎదురుచూస్తున్న పడవలన్నీ ఇక్కడే ఉన్నాయి.

మెట్ల పైన ఎర్రశాలువ కొస ఒకటి, ఇంకా కరగని బెల్లం ముక్కతో సహా, చీకటి గుమ్మంలో మాయమైంది.

"అదుగో," అంది లవంగిక గొంతు తగ్గించి. బారులో మూడో పడవకు ఒక్క కన్నే ఉంది. అందులో ఎవరో కూర్చుని ఉన్నారు. తల వంచుకుని ఉన్నారు. ఎడంచెయ్యి తాడు మీద ఉంది.

వెనక సుడిగుండం నోరు తెరుచుకుంటోంది. పడవను ఎక్కడో ఒకచోట కట్టాలి. బారంతటిలో ఒక్క గుంజే ఖాళీగా ఉంది. దానికి కొత్త పసుపుతాడు చుట్టి ఉంది. ఆ పసుపు ఇంకా తడి ఆరలేదు.

"లవంగీ, అది నీకోసం సిద్ధం చేసిన గుంజ," అన్నాడు సుధన్వుడు. "దానికి తాడు కట్టకు."

ఆమె తాడు కొస చేతికి చుట్టుకుంది. దోక్కుపోయిన మోకాలిని ఒకసారి ముట్టుకుని, నొప్పి ఉందని తేల్చుకుంది.

"మధ్యాహ్నం తెలియక కట్టాను. ఇప్పుడు తెలిసే కడతాను. తాడు కట్టినవాళ్లే గదా తిరిగొచ్చినవాళ్లు," అని ఆమె కుడికాలు ముందు పెట్టి దూకింది.